కాకినాడ గాలిలో పాత పద్మిని: తుప్పు ఆపే పూత ఏది, ఎప్పుడు, ఎలా వేయాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారి 1979 ప్రీమియర్ పద్మిని కారు కాకినాడలో ఇంటి పక్క షెడ్డులో 11 ఏళ్లుగా కవరు కింద నిలబడి ఉంది. ఇప్పుడు విప్పి చూస్తే డ్రైవరు కాళ్ల కింద ఫ్లోరులో రెండు చిల్లులు ఉన్నాయి. తలుపుల అడుగు అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. డిక్కీలో స్టెప్నీ కింద రేకు జల్లెడలా అయింది. మేస్త్రి ‘రెడాక్సైడ్ కొట్టి, కింద తారు కోటింగ్ వేసేద్దాం’ అంటున్నాడు. నెట్‌లో చూస్తే ఒకరు ఎపాక్సీ అంటారు, ఒకరు జింక్ అంటారు, ఇంకొకరు పీఓఆర్-15 అంటారు. వీటిలో ఏది కొనాలని, రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పదార్థంగా మార్చే ద్రవం) వాడొచ్చా అని అడిగారు.

నేను విశాఖలో ఓడల మరమ్మతు పనుల్లో 30 ఏళ్లు పెయింటింగ్ ఇన్‌స్పెక్టరుగా చేశాను. ఇంట్లో రెండు అంబాసిడర్లు, ఒక పద్మిని బాగు చేసుకున్నాను. ఏ డబ్బా కొనాలన్నది ఆఖరున తేల్చుకోవచ్చు. ముందు రేకు గుంటల్లో దాక్కున్న ఉప్పు పోవాలి. పూత పడే సమయానికి రేకు నిజంగా పొడిగా ఉండాలి. కంటికి కనపడని పెట్టె భాగాల లోపలికి రక్షణ చేరాలి. ఈ మూడూ కుదిరితే మన ఊళ్లో దొరికే మామూలు టూ-ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్ (పెయింట్, దాన్ని గట్టిపరిచే హార్డనర్ రెండు డబ్బాలుగా వచ్చే అడుగు పూత) ఏళ్ల తరబడి నిలుస్తుంది. కుదరకపోతే విదేశం నుంచి తెప్పించిన డబ్బా కూడా రెండు వానాకాలాలు దాటదు.

ఇది నాకు అనుభవంతో తెలిసింది. నా మొదటి అంబాసిడర్ 1984 మోడల్. దాన్ని 1996లో కొన్నాను. ఓడల పెయింట్ గురించి అంతా తెలిసి కూడా, కారు దగ్గరికి వచ్చేసరికి అందరూ చేయించినట్టే చేయించాను: వైరు బ్రష్‌తో పైపైన రుద్దించి, ఒక కోటు రెడాక్సైడ్, దాని మీద మందంగా తారు పూత. బండి అడుగు నల్లగా నిగనిగలాడింది. నాలుగో ఏడు వానల్లో వెనక సీటు కింద కార్పెట్ తడిసిందని లేపి చూస్తే ఫ్లోరు చేతికి మెత్తగా తగిలింది. కిందికి దూరి చూస్తే తారు పొర అట్టలా వేలాడుతోంది. దాన్ని పట్టుకుని లాగితే రేకు కూడా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. తెలిసిన పనిని తెలిసినట్టు చేయలేదని ఆ రోజు చాలా బాధపడ్డాను. తారు పూత కొన్నాళ్లకు గట్టిపడి, రెండు రేకులు కలిసే అతుకుల దగ్గర సన్నగా పగులుతుంది. ఆ పగులులోకి నీళ్లు పోతాయి గానీ బయటికి రావు. లోపల రేకు తడి గుడ్డ చుట్టిన ఇనుములా కుళ్లుతుంది. పైనుంచి చూసేవాళ్లకు ఏమీ తెలియదు.

అందుకే మీ మేస్త్రి చెప్పిన పద్ధతి వద్దంటున్నాను. ఆయన పనితనాన్ని తక్కువ చేయడం లేదు. రేకు కొట్టి వంపు తేవడం, తలుపు గ్యాపులు సరిచేయడం ఆయన చేతిలో పని. పూత సంగతి మాత్రం మీరే దగ్గరుండి చూసుకోండి.

ఉప్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు గాలి నుంచే నీళ్లు లాక్కుని కరుగుతుంది. కాకినాడలో చాలా రాత్రులు తేమ ఆ మాత్రం ఉంటుంది. అంటే మీ బండి మీద చుక్క వాన పడకపోయినా, తుప్పు గుంటల్లో చేరిన ఉప్పు ప్రతి రాత్రీ రేకును తడుపుతూనే ఉంది. 11 ఏళ్లు కవరు కింద ఉన్న బండి ఎందుకిలా అయిందని ఆశ్చర్యపోయారు కదా, కారణం ఇదే. కవరు తేమను ఆపలేదు, పైగా ఆరనివ్వలేదు. ఇప్పుడు ఆ ఉప్పు మీదే పెయింట్ వేస్తే, అది పూత గుండా నీటి ఆవిరిని లాక్కుంటుంది. ఏ పెయింటయినా నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. కొన్ని నెలల్లో అక్కడ చిన్న పొక్కు లేస్తుంది. గిల్లి చూస్తే లోపల నీటి బొట్టు, దాని కింద నల్లటి గుంట. ఓడల మీద ఇలాంటి పొక్కులు వేలల్లో చూశాను.

కాబట్టి మొదటి పని కడగడం. బండి విప్పాక ఏమీ గీకకముందే అడుగంతా ప్రెషర్ వాషర్‌తో కడగండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తీరం దగ్గర చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగితే ఉప్పు పోదు, ఇంకొంచెం చేరుతుంది. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. మున్సిపల్ నీళ్లు బాగుంటే వాటితో కడిగి, చివరి విడత ఆర్‌ఓ నీళ్లతో గానీ పట్టి ఉంచిన వాన నీళ్లతో గానీ తొలవండి.

తర్వాత పాత పెయింట్, తుప్పు తీయడం. పద్మిని ఫియట్ 1100 డి నమూనా మీద కట్టిన బండి. దీనికి విడిగా చాసిస్ ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టెను సిల్ అంటారు. నిజానికి అది ఈ బండికి వెన్నెముక. తలుపులు ఊడదీసి, లోపల అడ్డంగా ఇనుప పైపులు వెల్డ్ చేసి బిగించకుండా సిల్ కోయనివ్వకండి. కోస్తే బండి నడుము కుంగుతుంది. తర్వాత తలుపు గ్యాపులు ఎంత కొట్టినా కుదరవు.

శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక లాంటి రేణువులు చిమ్మి తుప్పు రాల్చడం) చేయించాలనుకుంటే అడుగు భాగానికి, సస్పెన్షన్ ఆర్ములకు, మందపాటి రేకులకు మాత్రం చేయించండి. బోనెట్, డిక్కీ మూత, తలుపుల బయటి రేకు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటాయి. బ్లాస్టింగ్ దెబ్బకు అవి అలలు తేలిపోతాయి. వాటి మీది పాత పెయింట్‌ను పెయింట్ రిమూవర్‌తో, మిగిలిన తుప్పును మెత్తటి డిస్కుతో చేతిపనిగా తీయాలి. బ్లాస్టింగ్ వాళ్లు ఏ ఇసుక వాడుతున్నారో వెళ్లి చూడండి. మామూలు ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. బీచ్ ఇసుకయితే దుమ్ముతో పాటు ఉప్పు కూడా రేకులోకి దిగుతుంది. గార్నెట్ అడగండి. మన ఉత్తరాంధ్ర తీరంలో ఎర్రగా మెరిసే ఖనిజం అదే, శుభ్రం చేసి జల్లించినది బస్తాల్లో దొరుకుతుంది.

బ్లాస్టింగ్ అయ్యాక రేకు వెండిలా కనిపిస్తుంది. అప్పుడే మోసపోతాం. గుంటల అడుగున ఉప్పు ఇంకా ఉండవచ్చు. ఓడల మీద మేం చేసే పరీక్ష తేలికైనది: స్ప్రే బాటిల్‌తో డిస్టిల్డ్ వాటర్ సన్నటి తుంపరగా కొట్టి కొంచెంసేపు చూడటమే. ఉప్పు ఉన్న గుంటలు ముందుగా నల్లబడి, తర్వాత గోధుమ రంగు చుక్కలుగా తేలతాయి. మిగతా రేకంతా ఇంకా తేటగానే ఉంటుంది. చుక్కలు తేలిన చోట మళ్లీ కడగండి, ఆరబెట్టండి, మళ్లీ బ్లాస్ట్ చేయించండి. నా పద్మిని వెనక ఫ్లోరుకు ఇలా మూడు విడతలు పట్టింది. విసుగొస్తుంది, నిజమే. కానీ ఈ పనికి బదులుగా వేయగల పూత ఏదీ లేదు.

బోల్టులు, బ్రాకెట్లు, తలుపు కీళ్ల లాంటి చిన్న భాగాలకు బ్లాస్టింగ్ అక్కర్లేదు. బెల్లం మడ్డి, అంటే మొలాసిస్, ఒక పాలు తీసుకుని తొమ్మిది పాళ్ల నీళ్లలో కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో ముంచి పెట్టండి. రెండు మూడు వారాల్లో తుప్పు మెత్తబడి బ్రష్‌కు వచ్చేస్తుంది, మంచి ఇనుమును పెద్దగా తినదు. నేను అనకాపల్లి నుంచి తెప్పించుకునేవాణ్ని. వాసన భరించలేం కాబట్టి ఇంటికి దూరంగా పెట్టండి. అల్యూమినియం, జింక్ భాగాలు మాత్రం అందులో వేయకండి, అవి కరిగిపోతాయి. తొందరగా కావాలంటే వాషింగ్ సోడా నీళ్లలో బ్యాటరీ చార్జరుతో ఎలక్ట్రాలిసిస్ చేసుకోవచ్చు. రెండో పక్క, అంటే చార్జరు ప్లస్ వైరుకు తగిలించే ముక్క మామూలు ఇనుముదే అయి ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయండి. స్ప్రింగులను అందులో వేయకండి, హైడ్రోజన్ పట్టి విరిగే ప్రమాదం ఉంది.

బాత్రూము కడిగే యాసిడ్‌తో తుప్పు తీసేవాళ్లను చూశాను. దయచేసి దాన్ని దగ్గరికి రానివ్వకండి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పు క్షణాల్లో పోతుంది గానీ క్లోరైడ్ మొత్తం గుంటల్లో మిగులుతుంది. ఇంతసేపూ వదిలించిన ఉప్పునే మళ్లీ తెచ్చి పోసినట్టు.

రస్ట్ కన్వర్టర్ గురించి అడిగారు. ఇది మనకు కొత్త విద్య కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు ఎలా వస్తుందో తెలుసా? బట్టను కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. పాత ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఒక ద్రవం తీస్తారు. ఆ ద్రవంతో గీత గీస్తే, కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి చెరగని నలుపుగా మారతాయి. టానిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ రేకు మీద చేసేదీ అదే. ఎర్రటి తుప్పు నల్లటి గట్టి పదార్థంగా మారుతుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ రకమైతే ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. మంచి పనే, కానీ పలచటి తుప్పుకే. పొరలు కట్టిన తుప్పు మీద పోస్తే పై పొర నల్లబడుతుంది, అడుగున ఎర్రగానే ఉంటుంది. ఉప్పును ఏ కన్వర్టరూ తీయలేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఫాస్ఫారిక్ యాసిడ్ మిగిలి ఉన్న రేకు మీద ఎపాక్సీ సరిగా గట్టిపడదు. ఎపాక్సీ హార్డనర్ క్షార స్వభావం ఉన్న అమీన్, యాసిడ్ దాన్ని పాడు చేస్తుంది. నెలల తర్వాత పూత గోటికి లేస్తుంటే తప్పంతా పెయింట్ మీదికి పోతుంది. అందుకే కడిగే రకం యాసిడ్‌ను రేకు మీద ఆరిపోనివ్వకుండా శుభ్రంగా కడిగేయాలి. ఎచ్ ప్రైమర్ (యాసిడ్ కలిసిన ప్రైమర్) మీద ఎపాక్సీ వేయాలన్నా ఇదే జాగ్రత్త. తయారీదారు డేటా షీట్‌లో వేయొచ్చని స్పష్టంగా రాసి ఉంటే తప్ప వేయకండి. మీ బండికి ఎచ్ ప్రైమర్ అవసరమే లేదు.

ఇప్పుడు పూతల సంగతి. రెడాక్సైడ్‌కు మన దేశంలో ఉన్న పేరు నిజానికి దాని తాతది. పాతకాలంలో వంతెనలకు, ఓడలకు వేసిన ఎర్ర ప్రైమర్‌లో సీసపు సింధూరం ఉండేది. అది తుప్పును నిజంగానే అడ్డుకునేది, కానీ సీసం విషం కాబట్టి పోయింది. ఇప్పటి రెడాక్సైడ్‌లో ఎర్ర రంగు ఇనుప ఆక్సైడ్‌ది, తుప్పును ఆపే గుణం ఆ రంగుకు లేదు. వన్-ప్యాక్ రెడాక్సైడ్ పూత నీటిని బాగానే పీలుస్తుంది. కిటికీ ఊచలకు సరే. రెడాక్సైడ్ వేసి బండిని నెలల తరబడి షెడ్డులో వదిలేస్తే, ఆ ఎర్ర రంగు కిందే తుప్పు మొదలవుతుంది. రెండూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి తెలియదు కూడా.

జింక్‌లో రెండు రకాలున్నాయి, షాపులో కలిపేసి చెబుతారు. జింక్ రిచ్ ప్రైమర్ అంటే ఆరిన పూతలో చాలా వంతు జింక్ పొడే ఉంటుంది. ఇనుము కంటే ముందు తాను కరుగుతూ ఇనుమును కాపాడుతుంది. ఇది పనిచేయాలంటే జింక్ రేణువు నేరుగా, తుప్పు పూర్తిగా తీసిన తెల్లటి ఇనుముకు తగలాలి. తుప్పు మీద గానీ, వేరే ప్రైమర్ మీద గానీ వేస్తే దానికీ బూడిద రంగు పెయింట్‌కీ తేడా లేదు. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ పూర్తిగా వేరే వస్తువు, అలా కరిగి కాపాడే గుణం దానికి లేదు. మీరు జింక్ వాడాల్సిన చోటు ఒక్కటే: కొత్త రేకు పాతదాని మీద పడి వెల్డ్ అయ్యే అంచుల మధ్య, దాని మీదే వెల్డింగ్ చేయగల వెల్డ్-త్రూ జింక్ ప్రైమర్ సన్నగా కొట్టండి. వెల్డింగ్ అయ్యాక లోపలికి మళ్లీ ఏ బ్రష్షూ పోదు.

పీఓఆర్-15 లాంటివి గాలిలోని తేమతోనే గట్టిపడే యూరెథేన్లు. గుంటలు పడి గరుకుగా ఉన్న రేకును గట్టిగా పట్టుకుంటాయి. నున్నటి కొత్త రేకు మీద మాత్రం పొరలా ఊడి వస్తాయి. మందంగా వేస్తే బుడగలు వస్తాయి. మన తీరంలో మూత తీసిన డబ్బా రెండో రోజుకు రాయి అయిపోతుంది, కాబట్టి చిన్న డబ్బాలే కొనండి. ఎండ తగిలితే పాడవుతుంది, పైన ఇంకో పూత ఉండాలి. ఫ్లోరు లోపలి వైపు, తుప్పు తీసినా గుంటలు మిగిలిన చోట వాడితే మంచిదే. బండంతటికీ అక్కర్లేదు.

నా ఎంపిక టూ-ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్. తెల్లటి ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, నీటిని బాగా అడ్డుకుంటుంది, పైన పుట్టీ పడుతుంది, అతుకులు మూసే సీమ్ సీలర్ పడుతుంది, ఏ టాప్ కోటయినా (ఆఖరి రంగు పూత) పడుతుంది. పుట్టీని బోసి రేకు మీద రుద్దడం మన షెడ్లలో మామూలు. పాలియెస్టర్ పుట్టీ నీళ్లు పీలుస్తుంది, అందుకే ఎపాక్సీ ముందు, పుట్టీ తర్వాత అని మేస్త్రికి గట్టిగా చెప్పండి. ఎపాక్సీకి ఉన్న ఒక లోపం, ఎండలో పొడి రాలుతుంది. అందుకని ఎండ పడే చోట టాప్ కోట్ లేకుండా వదలకూడదు.

వేసే తీరు చెబుతాను. రేకును వ్యాక్స్ రిమూవర్‌తో (నూనె, మైనం తీసే ద్రవం) తుడవాలి, రెండు గుడ్డలతో. ఒకటి తడిది, వెంటనే వెనకాల పొడిది. ఒకే గుడ్డతో రుద్దితే నూనెను అటు నుంచి ఇటు పూసినట్టవుతుంది. శుభ్రం చేశాక వట్టి చేత్తో ముట్టుకోకండి. ఎపాక్సీ, హార్డనర్ డబ్బా మీద రాసిన పాళ్లలో కలపండి, కంటి లెక్కన కాదు. కలిపాక కొంతసేపు ఆగమని డేటా షీట్‌లో ఉంటే ఆగండి. మన ఎండలో ప్రతి 10 డిగ్రీలు పెరిగితే, కలిపిన పెయింట్ పనికొచ్చే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి.

ఓడల నుంచి తెచ్చుకోదగ్గ అలవాటు ఇంకొకటి ఉంది. స్ప్రే చేసిన పెయింట్ పదునైన అంచు మీద నిలవదు, రెండు పక్కలకూ జారి అంచు దగ్గర పలచబడుతుంది. తుప్పు ఎప్పుడూ అంచుల దగ్గరే మొదలయ్యేది అందుకే. అందుకని స్ప్రేకు ముందే, తలుపు అడుగు మడతలు, వెల్డింగ్ గీతలు, బోల్టు రంధ్రాల చుట్టూ బ్రష్‌తో ఒక కోటు కుక్కినట్టు పూయండి. దీన్ని స్ట్రైప్ కోట్ అంటాం. తర్వాత మొత్తం మీద రెండు కోట్లు. ఆరాక కలిపి 100 మైక్రాన్ల దగ్గర ఉండేలా చూసుకోండి. అతుకులకు పాలీయూరెథేన్ సీమ్ సీలర్ ఎపాక్సీ మీద పెట్టాలి, బోసి రేకు మీద కాదు.

ఇక వాతావరణం. చాలామంది దీన్ని పట్టించుకోరు, నాకు మాత్రం ఇదే ప్రాణం. పూత వేసే సమయంలో రేకు వేడి, మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మంచు బిందువు అంటే గాలిలోని తేమ నీటి పొరగా దిగే ఉష్ణోగ్రత. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచు బిందువు 26 దాటి ఉంటుంది. అంటే రేకు 29 డిగ్రీల పైన ఉండాలి. అదే 30 డిగ్రీల్లో తేమ 60 శాతమే ఉంటే మంచు బిందువు 21 దగ్గరికి దిగుతుంది, ఇక భయం లేదు. రాత్రంతా షెడ్డులో ఉన్న రేకు ఉదయం గాలి కంటే చల్లగా ఉంటుంది. కంటికి కనపడని నీటి పొర దాని మీద అప్పటికే ఉంటుంది. పొద్దున్నే ఆరింటికి ‘చల్లగా ఉంది, హాయిగా వేసేద్దాం’ అనుకుంటే, ఆ నీటి మీద వేస్తున్నట్టే. ఒక తేమ మీటరు, ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొనండి. రెండూ చవకే.

కాకినాడలో ఈ పనికి జనవరి నుంచి మార్చి వరకు మంచి కాలం. తుఫాన్ల రోజులు దాటిపోయి ఉంటాయి. ఎండ బాగా ఎక్కాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి బలపడకముందే పని ముగించి స్ప్రే గన్ను కడిగేసుకోండి. ఆరుబయట వద్దు, ఆ గాలి ఉప్పు తుంపరను మోసుకొస్తుంది. బ్లాస్ట్ చేసిన రేకును రాత్రంతా బోసిగా వదలకండి, ఆ రోజు చేసిన భాగానికి ఆ రోజే ఎపాక్సీ పడాలి. అందుకని బండి మొత్తం ఒకేసారి కాకుండా భాగాలుగా చేయించండి. కంప్రెసర్ ట్యాంకు అడుగు కుళాయి తిప్పి రోజూ నీళ్లు వదలండి, గన్నుకు ముందు, గాలిలోని నీటిని పట్టే వాటర్ ట్రాప్ పెట్టండి. తేమలో ఆరిన ఎపాక్సీ మీద ఒక్కోసారి జిడ్డులాంటి పొర తేలుతుంది. అదేమీ నూనె కాదు, హార్డనర్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఏర్పడేది. థిన్నర్‌తో రుద్దితే సాగుతుంది. గోరువెచ్చటి నీళ్లతో స్క్రబ్బరు పెట్టి కడిగితే పోతుంది. దాన్ని తీయకుండా తర్వాతి కోటు వేస్తే పొరలు విడిపోతాయి.

అడుగు భాగానికి ఎపాక్సీ మీద రాళ్ల దెబ్బ తట్టుకునే రబ్బరు రకం కోటింగ్ చక్రాల వంపుల్లో వేయండి, మిగతా చోట పలచగా చాలు. బ్రేకు గొట్టాలు, రబ్బరు బుష్‌లు, హ్యాండ్‌బ్రేక్ తీగ ముందే కప్పేయాలి. నీళ్లు పోయే రంధ్రాలు ఒక్కటి కూడా మూసుకోకూడదు. చాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ పెట్టనివ్వకండి, మందం పూత వేయకండి. రీ-రిజిస్ట్రేషన్‌లో ఆర్టీవో దగ్గర అది కనపడాలి. మొదటి రిజిస్ట్రేషన్ 1979 అయితే 2029లో మీ బండికి 50 ఏళ్లు నిండుతాయి. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బాడీ, చాసిస్, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి కాబట్టి కోసిన చోట పాత ఆకారంలోనే రేకు వేయించండి. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి.

సిల్ లోపల, తలుపు లోపల, డిక్కీ పక్కల లోపల ఏం చేయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. అక్కడికి బ్లాస్టింగ్ పోదు, బ్రష్ పోదు. వెల్డింగ్ వేడికి లోపలి వైపు పాత పూత కాలిపోయి ఉంటుంది, కొత్త తుప్పు అక్కడే పుడుతుంది. ఫోన్‌కు తగిలించే సన్నటి కెమెరా రంధ్రంలోంచి పంపి చూడండి. పొరలుగా ఊడుతుంటే కోసి కొత్తది వేయడమే దారి. పైపైన తుప్పయితే మంచి నీళ్లు పంపి, బయటికి వచ్చేది తేటపడేదాకా కడిగి, గాలి కొట్టి, కొన్ని రోజులు ఎండలో పెట్టి ఆరనివ్వండి. లోపల యాసిడ్ కన్వర్టర్ పోయకండి, కడగలేరు. తర్వాత క్యావిటీ వ్యాక్స్, అంటే పెట్టె భాగాల లోపలికి కొట్టే మైనం. పొడవాటి ట్యూబుకు చివర చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న రకం తీసుకోండి. ట్యూబును చివరిదాకా పంపి, నొక్కుతూ మెల్లగా వెనక్కి లాగాలి. మైనం గట్టిపడదు, పగలదు, అతుకుల్లోకి పాకుతుంది, గీత పడితే మళ్లీ కమ్ముకుంటుంది. ఉన్ని నుంచి తీసే లానోలిన్ రకమూ బాగుంటుంది.

మైనం పని మాత్రం పెయింట్ అంతా పూర్తయ్యాకే. ముందే కొడితే మైనం తుంపర రేకు మీద చేరి పెయింట్‌లో చేప కళ్లలాంటి గుంటలు లేస్తాయి. మైనం కొట్టిన చోట వెల్డింగ్ పెడితే నిప్పంటుకుంటుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్‌ను కిరోసిన్‌లో కలిపి కొట్టమని ఎవరైనా చెబితే వినకండి. అందులో యాసిడ్ ఉంటుంది, రబ్బర్లు ఉబ్బుతాయి, తర్వాత ఏ పెయింటూ అంటదు.

ఒంటి జాగ్రత్త గురించి గట్టిగానే చెబుతున్నాను. పీయూ (పాలీయూరెథేన్) టాప్ కోట్లు, క్లియర్ కోట్లు, పీఓఆర్-15 లాంటి వాటిలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి వాటితో అలర్జీ పట్టుకుంటే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. నాతో పనిచేసిన మంచి పెయింటర్ ఒకాయన అలాగే పని వదిలేయాల్సి వచ్చింది. ముక్కుకు కట్టిన గుడ్డ దేనికీ పనికిరాదు. బయటి గాలి గొట్టంతో అందించే మాస్క్ ఉన్న షాపులోనే టాప్ కోట్ స్ప్రే చేయించండి. మీరు ఇంట్లో చేసేది బ్రష్‌తో చేసుకోండి, గ్లవ్స్ వేసుకోండి. 1979 నాటి పెయింట్‌లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకకండి, వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, పిల్లలను అటు రానివ్వకండి. వెల్డింగ్‌కు ముందు పెట్రోల్ ట్యాంకు బండి నుంచి దింపేయాలి.

పని పూర్తయ్యాక బండిని గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కింద పెట్టకండి. నూలు బట్ట కవరు వేసి, వారానికోసారి తీసి ఎండలో కాసేపు నడపండి. ఏటా జూన్‌లో తొలకరికి ముందు ఫ్లోరు మ్యాట్లు తీసి కింద చేత్తో తడిమి చూడండి. తలుపుల అడుగున, సిల్ కింద ఉన్న రంధ్రాల్లో ప్లాస్టిక్ టై ముక్క పెట్టి తిప్పి మట్టి తీసేయండి. మన ఎండకు మైనం కారి రంధ్రాలు మూసుకోవడం మామూలే. అడుగున గీతలు పడిన చోట ఎపాక్సీ పూసి, సిల్ లోపల కెమెరాతో ఒకసారి చూసి, పలచబడిన చోట మళ్లీ మైనం కొట్టండి.